తాడుకి రెండో కొస

ఆ రిసార్టు థియేటర్‌కి రెండు దారులున్నాయి. అతిథులు ఈతకొలను పక్క నుంచి, తడి జుట్టుతో, రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తారు. పనివాళ్ళూ, వాళ్ళ కోసం వచ్చే బంధువులూ వంటింటి వెనక చెత్తడబ్బాలు దాటుకుని వస్తారు. నేను రెండో రకం. స్కూటర్ని లాండ్రీ గోడ నీడలో పెట్టి, హెల్మెట్ మోచేతికి తగిలించుకుని లోపలికి నడిచాను. మధ్యాహ్నం ఆట. బయట ఎండ కళ్ళు తెరవనివ్వడం లేదు. కొలనులో పిల్లలు నీళ్ళు చిమ్ముకుంటూ కేకలు పెడుతున్నారు. దెయ్యాల గురించి ఆలోచించే వేళ కాదు, చోటూ కాదు.

నేను వచ్చింది మా అక్కని తీసుకుపోదామని. అక్క ఈ థియేటర్లో గాల్లోకి ఎగిరే మనిషి. సర్కస్ అనగానే గుడారం, రంపపు పొట్టు, బోనులో సింహం గుర్తొచ్చేవాళ్ళకి ఇది వేరు. ఇందులో జంతువులుండవు. మనుషులే పాకుతారు, దూకుతారు, ఒకరి భుజాల మీద ఒకరు లేస్తారు. కథ ఉంటుంది గాని మాటలుండవు. పాట ఉంటుంది గాని ఏ భాషో ఎవరికీ తెలీదు. సెలవులకొచ్చినవాళ్ళు ఈత కొట్టి అలిసిపోయి, చల్లటి చీకట్లో కూర్చుని నోరు తెరుచుకుని చూస్తారు.

నాకు సొంతంగా పార్సిల్ సర్వీసు ఉంది. ఒక స్కూటర్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు నాలుగున్నాయి. పెద్ద కంపెనీల వాళ్ళు తిరగలేని సందుల్లో మేం తిరుగుతాం. ఏ పెట్టె చేతిలోకి తీసుకున్నా దాని బరువు చెప్పేస్తాను, కాటా నన్ను చూసి సరిచేసుకోవాలి అంటారు నా దగ్గర పనిచేసేవాళ్ళు. ఈమధ్యే కొట్టు మీద వాటా కూడా అద్దెకి తీసుకుని సున్నం వేయించాను. అది అక్క కోసం. బావ పోయాక ఆమెని ఒంటరిగా వదిలేయడం నాకిష్టం లేదు.

బావ పోయిన వానాకాలంలో చనిపోయాడు. తాడు మీద కాదు. ఇంట్లో, జ్వరంతో, నిద్రలో. ఆ తర్వాత ఫోన్లో అక్క గొంతు వారం వారం తేలికైపోతూ వచ్చింది. మనిషి తగ్గిపోతే గొంతు కూడా తగ్గుతుందని నాకు అప్పుడే తెలిసింది. "నీ తాడు రెండో కొస ఎవరు పట్టుకుంటున్నారక్కా?" అని అడిగితే, "మోటారు పెట్టించార్లేరా" అంది.

ఆ రెండో కొస సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఇదంతా అర్థం కాదు.

అక్క ఎగరడం వెనకున్న లెక్క చాలా చిన్నది. కప్పు దగ్గర కప్పీ. కప్పీ మీద తాడు. ఒక కొస అక్క నడుముకి, రెండో కొస ఇంకో మనిషి నడుముకి. ఆ మనిషి నల్ల తెర వెనక, కప్పు కింద ఉండే ఇనప వంతెన మీద చీకట్లో నిలబడి ఉంటాడు. పచ్చ దీపం వెలగగానే వంతెన అంచు దాటి అడుగేస్తాడు. ఆయన ఎంత దిగితే అక్క అంత లేస్తుంది. బావిలో రెండు బకెట్ల లాగా. అందుకే ఆ రెండో మనిషి సరిగ్గా రెండు కిలోలు ఎక్కువ ఉండాలి. బాగా ఎక్కువైతే అక్క వెళ్ళి కప్పుకి కొట్టుకుంటుంది. తక్కువైతే అసలు లేవదు. బావ బక్క మనిషి. బెల్టులో సీసం బిళ్ళలు పెట్టుకుని ఆ తేడా సరిచేసుకునేవాడు. ఆటకి ముందు ఇద్దరూ తెర వెనకున్న కాటా ఎక్కేవాళ్ళు. "మీ అక్క ఒక బిస్కెట్ ఎక్కువ తింటే నా నడుముకి ఒక బిళ్ళ ఎక్కువ. ఏ మొగుడు మోస్తాడ్రా ఇంత?" అనేవాడు.

ఇంకో సంగతి. ఆమె లేస్తూ, ఆయన దిగుతూ, సగం దారిలో ఒక్క క్షణం ఇద్దరూ ఒకే ఎత్తులో ఉంటారు. అక్క లేచేది స్టేజి అంచున, నల్ల తెరని ఆనుకుని. ఆ క్షణంలో బావ తెర సందులోంచి చెయ్యి చాపి అక్క చేతిని తాకేవాడు. జనానికి కనిపించదు. "మీ అక్క నన్ను తనతో సమానంగా చూసేది ఆ ఒక్క చోటే" అనేవాడు. అది ఆయన ఎడమ చెయ్యి. ఆ చేతి చిటికెన వేలు ఎప్పుడో తాడులో పడి విరిగి, లోపలికి వంగి అతుక్కుపోయింది. నా స్కూటర్ వెనక కూర్చుంటే ఆ కొక్కెం లాంటి వేలితో నా భుజం మీద దరువేసేవాడు. ఎన్నిసార్లు చేత్తో తోసేసినా మళ్ళీ మొదలుపెట్టేవాడు.

నా సీటు మధ్య వరసలో, అంచున. పక్కన ఒక బట్టతలాయన, ఆయన భార్య. ఆమె చేతిలో పాప్‌కార్న్ డబ్బా.

"ఏసీ మరీ ఎక్కువ పెట్టారు," అన్నాడాయన.

"తల తడిగా ఉంటే అలాగే ఉంటుంది."

"నా తలకి తడేంటే?"

"అదే, ఆరడానికి అడ్డం ఏం లేదుగా, ఇంకా ఆరలేదేంటా అని."

నాకు నవ్వొచ్చింది. దీపాలు ఆరాయి.

ఆట బాగుంది, ఆ మాట చెప్పి తీరాలి. మనిషి ఎత్తుకి రెండింతలుండే ఇనప చక్రంలో ఒకడు చేతులూ కాళ్ళూ చాపుకుని దొర్లుకుంటూ వచ్చాడు. ఎముకల్లేని పిల్ల ఒకతె ఒక గాజు పెట్టెలో మడతపడి కూర్చుని, అందులోంచే జనానికి దణ్ణం పెట్టింది. ఇద్దరన్నదమ్ములు నిలువు గెడల మీద నుంచి తలకిందులుగా జారి, తల నేలకి జానెడు దూరంలో ఆగారు. పాప్‌కార్న్ ఆమె "అమ్మో" అని నా చెయ్యి పట్టుకుని, చూసుకుని, వదిలేసింది.

తర్వాత డప్పు ఆగింది. నీలం వెలుగులో అక్క వచ్చింది.

అక్క అని చెప్పకపోతే నేను గుర్తుపట్టను. తెల్ల బట్టలో ఎముకల పోగు. రెండు చేతులూ పక్కకి చాపింది. మెడ ఎత్తి పైకి చూసింది.

మోటారు ఎత్తితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. గోదాముల్లో రోజూ చూస్తాను. మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగం, ఒకే మూలుగు. మనిషి అడుగేస్తే అలా ఉండదు. అంచు వదిలే ముందు ఆ మనిషి ఒక ఊపిరి తీసుకుంటాడు. ఆ ఊపిరి తాడులోకి వస్తుంది. ఇవతలి మనిషి వెంట్రుకవాసి కిందికి దిగి, అప్పుడు లేస్తుంది.

అక్క వెంట్రుకవాసి దిగింది. అప్పుడు లేచింది.

ఎవరో ఊపిరి తీసుకున్నారు.

నేను సీట్లో ముందుకు జరిగాను. కొత్త మనిషిని పెట్టుకున్నారేమో, నాకు చెప్పలేదేమో అనుకున్నాను. అక్క నెమ్మదిగా, ఈక లేచినట్టు లేస్తోంది. సగం దారిలో కుడి చెయ్యి నల్ల తెర వైపు చాపింది. చెయ్యి మణికట్టు దాకా తెర సందులోకి వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగాలి. అలాగే ఆగింది. ఆ తర్వాత కూడా ఆగింది... అక్క ఇంకా పైకి పోతోంది. చెయ్యి మాత్రం వెనకే ఉండిపోయి, భుజం లాగినట్టు సాగి, ఇంక వీల్లేక విడిపోయింది.

"చూశావా," పక్కాయన గుసగుసగా అన్నాడు భార్యతో. "లోపలెవడో పట్టుకున్నాడు."

"మిమ్మల్నెవరైనా అలా పట్టుకుంటే బాగుండు, ఇంటర్వెల్ దాకా కదలకుండా," అందామె.

ఇంటర్వెల్ దీపాలు వెలగ్గానే నేను లేచాను.

తెర వెనక అంతా నల్ల రంగే. నేల నలుపు, గోడలు నలుపు. తాళ్ళ మీద చల్లే జిగురు పొడి వాసన, చెమట వాసన, వేడెక్కిన దీపాల వాసన. తాడు దిగే చోట అక్క ఒక స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె పక్కనే తాడు రెండో కొస. దానికి మనిషి లేడు, మోటారూ లేదు. ఒక గోనె సంచి, దానికి తోలు పట్టీలు. నేలకి మూరెడు ఎత్తులో మెల్లగా ఊగుతోంది.

ఇంకో వాసన కూడా వచ్చింది. నొప్పుల బామ్. బావ ఆటకి ముందు మోకాళ్ళకి పూసుకునేది.

"ఏంట్రా పీపా, ఇంకా లావయ్యావు," అంది అక్క.

"నువ్వు తగ్గిందంతా ఎక్కడో ఒకచోట చేరాలిగా."

అనకుండా ఉండాల్సింది. అక్క నవ్వబోయి, సంచి వైపు చూసి ఆపేసింది.

"మోటారు ఏదక్కా?"

"వద్దన్నాను. దానికి చేతుల్లేవుగా."

ఆ మాట చాలా మామూలుగా అంది, పాల ప్యాకెట్ తేవడం మర్చిపోయానన్నట్టు. నేను ఆమె ముందు కింద కూర్చున్నాను. ఆమె మోకాలు నా అరచేతిలో చిన్న నిమ్మకాయంత ఉంది.

"అక్కా, ఈ ఆట కాగానే పోదాం పద. పై వాటా సిద్ధంగా ఉంది. పొద్దున్నే ఎండ పడుతుంది. నువ్వు బిల్లులు రాయి చాలు. ఏమీ రాయకపోయినా ఫర్వాలేదు, కూర్చుని నన్ను తిట్టు."

"మీ బావని వదిలేసి ఎలా రాను?" అంది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది. "మొదట్లో వేళ్ళ కొసలేరా. చలిలో ఇనప రేకు తగిలినట్టు. నా భ్రమ అనుకున్నా. తర్వాత అరచెయ్యి వచ్చింది. తర్వాత మోచెయ్యి. రోజూ కొంచెం కొంచెంగా వస్తున్నాడు. ఇప్పుడు భుజం దాకా ఉన్నాడు. ముఖం ఒక్కటే మిగిలింది. రెండోసారి ఎగిరేటప్పుడు అదీ వచ్చేస్తుంది."

"ముఖం వస్తే?"

అక్క చెయ్యి తన నడుము దగ్గరున్న కొక్కెం మీదికి పోయింది. దాన్ని బొటనవేలితో నిమురుతూ ఉండిపోయింది. "ముఖం చూశాక ఇంక దిగడం ఎందుకు?"

కొక్కెం తీస్తే అక్కణ్ణుంచి నేల దాకా గాలే. వాదించాలి. ఏదో ఒకటి చెప్పి ఆపాలి. నాకు లెక్కలు వచ్చు, తనిఖీ వచ్చు. పార్సిల్ తేడాగా ఉంటే విప్పి చూపించమంటాం. అదే చేశాను.

"ఆ చెయ్యి బావదేనా?"

"ఇంకెవరిది?"

"చిటికెన వేలు వంగి ఉందా?"

కొక్కెం మీద అక్క బొటనవేలు ఆగింది.

"బావ ఎడమ చిటికెన వేలు వంగి ఉండేది అక్కా. నా భుజం మీద దరువేసే వేలు. నువ్వు రోజూ పట్టుకుంటున్నావుగా. ఆ చేతికి వంగి ఉందా, తిన్నగా ఉందా?"

తన కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంది. "తిన్నగా ఉంది." వెంటనే, "పోయాక బాగైపోయి ఉంటుంది. వాళ్ళకి నొప్పులుంటాయా ఏంటి?"

అప్పుడు గమనించాను. సంచి ఊగడం ఆగిపోయింది.

మెల్లగా తగ్గి ఆగడం కాదు. ఎవరో మాట వినడానికి నడక ఆపినట్టు... ఆగింది.

అక్కని వేషం సర్దడానికి పిలిచారు. నేను తాళ్ళ మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్ళాను. తాళ్ళు, కప్పీలు, బరువులు చూసుకునే పెద్దాయన. బావకి పని నేర్పింది ఈయనే. కాటా పక్కన ఖాళీ ప్లాస్టిక్ బకెట్ బోర్లించుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన చుట్టూ ఇసుక. గోడవారగా కుప్పలు కుప్పలుగా.

"ఇదంతా ఏంటి మేస్త్రీ గారూ?"

"మీ బావ పోయాక సంచి కట్టాను బాబూ. సంచీ పట్టీలూ రెండు కిలోలు. లోపల యాభై రెండు ఇసుక. అప్పుడు మీ అక్క బరువు యాభై రెండు. రోజూ ఆటకి ముందు ఎత్తి చూస్తాం. సరిగా లేస్తే ఆట, లేకపోతే లేదు. అది మా పద్ధతి. రెండో వారం నుంచి సంచి బరువెక్కువ అవుతోంది. మీ అక్క చిక్కిపోతోంది గదా, అందుకని ఇసుక తీస్తూ వచ్చాను. గుప్పెడు, దోసెడు. ఇవాళ పొద్దున ఆఖరి దోసెడు కూడా తీసేశా."

"ఇప్పుడు అక్క ఎంత?"

"నలభై."

"సంచిలో ఎంతుంది?"

ఆయన తల దించుకున్నాడు. "ఖాళీ."

"అక్క తగ్గింది పన్నెండు. మీరు తీసింది యాభై రెండు. పన్నెండుకి పన్నెండు పోతే, మిగతా నలభై ఎక్కణ్ణుంచి వస్తోంది మేస్త్రీ గారూ?"

ఆ అంకె నా నోటినుంచి వచ్చాక గాని నాకు తట్టలేదు. నలభై. సరిగ్గా ఇప్పుడు అక్క ఎంతో, అంత.

ఆయన ఇసుక కుప్పల వైపు చూశాడు. "మేనేజర్‌తో చెప్పాను. తూకం సరిపోతోందిగా, నీకేంటి బాధ అన్నాడు. మీ అక్కతో చెప్పాను. ఆ పిల్ల నా కాళ్ళు పట్టుకుంది, సంచి మార్చొద్దని. నేనేం చెయ్యను? తాడుకి బరువు కావాలి. ఎవరిదని అది అడగదు."

బయట గంట మోగింది. జనం సీట్లలోకి వస్తున్న చప్పుడు. తెర సందులోంచి చూస్తే అక్క అప్పటికే స్టేజి మీద, తన గుర్తు మీద నిలబడి ఉంది. నడుముకి తాడు తగిలించేశారు. అరిచి ఆపితే... చెయ్యి కొక్కెం మీదే ఉంది ఆమెది. ఇవాళ ఆపినా రేపు ఎగురుతుంది. నేను లేని రోజు ఎగురుతుంది.

నేను ఆలోచించింది ఇది. ఆ కొసకి ఏమీ లేదు కాబట్టే ఏదో వచ్చి చేరింది. అక్కడ బతికున్న మనిషి ఉంటే దానికి చోటుండదు.

"సంచి విప్పండి. నన్ను కట్టండి," అన్నాను.

"నువ్వెంత?"

"ఎనభై రెండు."

"ఆ పిల్ల నలభై. నువ్వు రాయిలా పడతావు. ఆ పిల్ల వెళ్ళి కప్పుకి..."

"వంతెన నుంచి నేల దాకా నిచ్చెన ఉందిగా. బావ నాకోసారి చూపించాడు. నిచ్చెన పట్టాలు పట్టుకుని జారుతూ బరువు ఆపుకుంటా. నలభై రెండు కిలోలు నా చేతులు ఆపగలవు. రోజూ అంతకన్నా ఎక్కువే మోస్తాను."

మేస్త్రి ఒక్క క్షణం నా ముఖం చూసి, లేచి ముందు నడిచాడు. ఆయనకి కావలసింది కూడా అదేననుకుంటాను. ఎవరో ఒకరు వచ్చి ఆ సంచి విప్పమనడం.

ఇనప వంతెన మీద చీకటి చిక్కగా ఉంది. వేడి అంతా పైకి చేరి ఉండాలి. అయినా అక్కడ చల్లగా ఉంది. మేస్త్రి చిన్న నీలం దీపం వెలుగులో తాడు లాగి, సంచిని పైకి తెచ్చాడు. ఖాళీ గోనె సంచి. దాన్ని లాగడానికి ఆయన రెండు కాళ్ళూ తన్నిపట్టి, పళ్ళు బిగించాల్సి వచ్చింది. కొక్కెం విప్పగానే సంచి వంతెన మీద పడింది. చప్పుడు రాలేదు. ఎండుటాకు పడినట్టు పడింది.

ఆయన ఆ సంచిని చూశాడు. నన్ను చూశాడు.

మేకుకి బావ తోలు తొడుగులు వేలాడుతున్నాయి. వేసుకున్నాను. ఎడమ తొడుగులో నా చిటికెన వేలు పట్టలేదు. తోలు ఆ వేలు దగ్గర లోపలికి వంగి, అలాగే గట్టిపడిపోయి ఉంది.

కింద నీలం వెలుగు. పాట మొదలైంది. నేను వంతెన అంచు మీద పాదాలు ఆనించి, రెండు చేతులతో నిచ్చెన పట్టాలు పట్టుకున్నాను. నలభై రెండు కిలోలు. ఆపాలి. అరచేతులు బిగించాను.

పచ్చ దీపం వెలిగింది.

అడుగేశాను.

పడలేదు.

పట్టాలని బిగించిన చేతులకి ఏ బరువూ తగల్లేదు. గాల్లో ఉన్నాను. తాడు బిగుతుగా ఉంది. తర్వాత, మెల్లగా... చాలా మెల్లగా... దిగడం మొదలైంది. చేతులు వదిలేసినా అంతే నెమ్మది. నా బుర్ర ఊరుకోలేదు. ఎనభై రెండు ఇటు. ఇంత నెమ్మదిగా దిగాలంటే అటు ఎనభై ఉండాలి. రెండు కిలోల తేడా. బావ రోజూ సరిచూసుకునే తేడా.

అటు అక్క నలభై.

నలభై... ఇంకో నలభై.

తాడుకి రెండు కొసలుంటాయన్న సంగతి నాకు అప్పుడు గాని తట్టలేదు. ఈ కొసన చోటు లేకుండా చేశాను. అంతే నేను చేసింది.

బామ్ వాసన కింద నుంచి పైకి వస్తోంది.

తెర సందు దగ్గరపడింది. అక్క తల కనిపించింది, తర్వాత భుజాలు. ఆమె చెయ్యి తెర వైపు చాపి లేదు. రెండు చేతులూ తన ఛాతీ మీద దగ్గరగా పెట్టుకుని, వాటి మీద ఇంకెవరివో చేతులు ఉన్నట్టు వేళ్ళు ముడిచి ఉంది. కళ్ళు మూసుకుంది. తెల్ల బట్ట ఆమె వీపు దగ్గర లోపలికి నొక్కుకుపోయి ఉంది, పిల్లాణ్ణి వీపున ఎక్కించుకుంటే నొక్కుకున్నట్టు.

ఒకే ఎత్తులోకి వచ్చాం.

"అక్కా," అన్నాను. "కొక్కెం ముట్టుకోకు."

కళ్ళు తెరవకుండానే నవ్వింది.

"ముట్టుకోనులేరా... వచ్చేశాడుగా."

ఆమె పైకి పోయింది. నేను కిందికి వచ్చాను. తల ఎత్తి చూడలేదు. ఆమె వీపు వైపు చూడాలంటే అప్పుడే చూడాలి. చూడలేదు. జనం చప్పట్లు కొడుతున్నారు, వాన పడ్డట్టు. దించేటప్పుడు నేను నిచ్చెన మెట్లు ఎక్కుతూ పోయాను, అక్క దిగుతూ పోయింది. మళ్ళీ సగం దారిలో దాటుకున్నాం. ఆ క్షణం కళ్ళు మూసుకున్నాను. చెవి పక్కగా చల్లటి గాలి వెళ్ళింది. ఎవరో నన్ను దగ్గరగా, జాగ్రత్తగా చూస్తూ వెళ్ళినట్టు.

నేను వంతెన దిగి వచ్చేసరికి అక్క ముఖం కడుక్కుని, బ్యాగు సర్దుకుని కూర్చుని ఉంది. చెంపల్లో రంగుంది. చాలా నెలల తర్వాత.

"పద, పోదాం," అంది.

"ఎక్కడికి?"

"మీ ఇంటికిరా. నువ్వే గదా ఇందాక పోరుపెట్టావు. ఇక్కడ నా పని అయిపోయింది."

నేను అడగడానికి వచ్చింది అదే. నా చేతిలో పెట్టింది. బ్యాగు అందుకున్నాను. మేస్త్రి గేటు దాకా వస్తాడనుకున్నాను. ఆయన కాటా దగ్గరే నిలబడి, అక్క దాని పక్క నుంచి నడుస్తుంటే తల తిప్పుకున్నాడు.

బయట ఎండ ఇంకా తగ్గలేదు. కొలనులో అవే కేకలు. బట్టతలాయన భార్యతో లాండ్రీ గోడ దగ్గర దారి తప్పి నిలబడి ఉన్నాడు. "బాబూ, పార్కింగ్ ఎటు?" అన్నాడు. చూపించాను. ఆయన భార్య అక్కని గుర్తుపట్టి, "ఎంత బాగా చేశారమ్మా," అని దగ్గరికి రాబోయి, ఎందుకో ఒకడుగు వెనక్కి వేసింది. చేతులు రుద్దుకుంటూ, "ఇక్కడా ఏసీ పెట్టారా ఏంటి," అంది.

స్కూటర్ స్టార్ట్ చేశాను. అక్క వెనక కూర్చుంది.

టైరు అణిగింది.

ఏ పెట్టె ఎక్కించినా బరువెంతో నాకు హ్యాండిలే చెప్తుంది. అప్పుడూ చెప్పింది. వినదలచుకోలేదు. గేటు దాటాక రోడ్డు వంతెన ఎక్కే ఎత్తు దారి ఉంది. రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలతో కూడా ఆ దారి సులువుగా ఎక్కే స్కూటర్, అక్కతో మూలుగుతూ ఎక్కింది.

"తిన్నగా నడుపు," అంది అక్క నా వీపుకి తల ఆనించి. కాసేపటికే ఊపిరి బరువెక్కింది. నిద్రపోయింది. ఆమె రెండు చేతులూ నా పొట్ట మీద ముడిపడి ఉన్నాయి. సాయంత్రపు ఎండలో ఆ వేళ్ళన్నీ నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పది.

అప్పుడు నా ఎడమ భుజం మీద చల్లగా ఒక చెయ్యి పడింది.

నేను బండి ఆపలేదు. ఆపితే దిగాలి, దిగితే తిరగాలి. అద్దంలో చూశాను. అక్క జుట్టు, మూసిన కన్ను. ఆమె వెనక ఖాళీ రోడ్డు. తల తిప్పకుండా, కనుకొసల్లోంచి భుజం వైపు చూశాను.

వేళ్ళు తెల్లగా ఉన్నాయి. చిటికెన వేలు తిన్నగా ఉంది.

"బావా?" అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

కొంతసేపు ఏమీ కాలేదు. తర్వాత ఆ వేలు కదిలింది. గుర్తుచేసుకుంటున్నట్టు. ఎవరో చెప్పగా విన్నది, చెప్పినట్టే చెయ్యబోతున్నట్టు. మెల్లగా, పుల్ల వంచుతున్న చిన్న చప్పుడుతో వంగడం మొదలుపెట్టింది.

బావ వేలు లోపలికి వంగి ఉండేది. లోపలికి అన్న మాట నేను తెర వెనక అనలేదు. వంగి ఉండేదని మాత్రమే చెప్పాను.

అది వెనక్కి వంగింది... చెయ్యి వెనక భాగానికి ఆనుకునేదాకా.

ఆ తర్వాత, నా భుజం మీద, దరువేయడం మొదలుపెట్టింది.